మూడు, నాలుగు

మా బాపుకు రెండు ఫోర్క్‌లిఫ్ట్‌లు ఉన్నాయి. అందులో ఒకటి నాకంటే పెద్దది.

ఆ పెద్దదాని గురించే ఇదంతా. రెండు టన్నులు ఎత్తే డీజిల్ బండి. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు, మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ సామాను వేలం వేస్తుంటే బాపు అప్పు చేసి కొన్నాడు. బాలానగర్‌లో మా షెడ్డు ముందు లారీ మీంచి దిగినప్పుడు దాని పసుపు రంగు సగం ఊడిపోయి ఉంది. మోడల్, సీరియల్ నంబర్లు ఉండాల్సిన రేకు లేదు. రేకు పోయినచోట నాలుగు రివెట్ల గుంతలు మాత్రం మిగిలాయి.

ఆ రేకు లేకపోవడం ఎంత పెద్ద లోటో నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. పార్టు కోసం కంపెనీవాళ్ళకు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న “మోడల్ నంబర్ చెప్పండి మేడమ్”. చెప్పలేకపోతే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. ఆధార్ లేని మనిషి బ్యాంకు కౌంటర్ ముందు నిలబడ్డట్టే. ఫొటోలు పంపితే, రెండు రోజులకు, “ఈ మోడల్ ఆపేసి చాలా ఏళ్ళయింది, కొత్త బండి కొటేషన్ పంపమంటారా?” అని జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. నేను మాదాపూర్‌లో ఒక యాప్‌కు ఎర్రర్ మెసేజ్‌లు రాస్తాను. ఆ మర్యాద ఎలా తయారవుతుందో నాకు తెలుసు.

ఫోర్క్‌లిఫ్ట్‌ను చూడనివాళ్ళు ఉండరు. దాని లెక్క మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది చక్రాల మీద తిరిగే ఏతం. ముందు చక్రాల ఇరుసు దగ్గర ఆనిక, ముందు సరుకు, వెనక పోత ఇనుము దిమ్మ. రెండు టన్నులు ఎత్తడానికి బండి తనే మూడు టన్నులకు పైగా తూగుతుంది. ముందు నిలువుగా ఉండే చట్రం మాస్ట్. దాని మధ్యలో పైకీ కిందికీ జారే క్యారేజ్, క్యారేజ్‌కు తగిలించిన రెండు ఫోర్కులు. ఎత్తే పని హైడ్రాలిక్ జాక్‌దే అనుకుంటాం, నిజమే. కానీ జాక్ క్యారేజ్‌ను నేరుగా తొయ్యదు. అది లోపలి చట్రాన్ని పైకి నెడుతుంది, ఆ చట్రం మీది కప్పీల మీదుగా పోయే రెండు చైన్లు క్యారేజ్‌ను లాగుతాయి. అందుకే జాక్ ఒక అడుగు లేస్తే ఫోర్కులు రెండడుగులు లేస్తాయి. అంటే పైన ఉన్న సరుకంతా, ఆపరేటర్ కళ్ళ ముందే, రెండు చైన్లకు వేలాడుతూ ఉంటుంది.

ఇలాంటి బండిని ఇరవై ఏళ్ళు నడిపించాడు బాపు. ఎలాగంటే, ఆయన దగ్గర ఒక పుస్తకం ఉంది. ఎల్‌ఐసీ డైరీ. ఏ సంవత్సరానిదో ఇప్పుడు అట్టమీద కనిపించదు, గ్రీజు మరకలు. అందులో తేదీలతో పని లేకుండా రాసుకుంటూ పోయాడు. ముందు చక్రం ఆయిల్ సీల్ కొలతలు, ఏ లారీ సీల్ దానికి సరిపోతుందో. బ్రేక్ సిలిండర్ రబ్బర్లకు బదులు ఏవి వాడొచ్చో. బండి ఇంజన్ చెన్నైలో తయారయ్యే సింప్సన్. ఆ కంపెనీ ఇంజన్లు ట్రాక్టర్లలోనూ ఉంటాయి కాబట్టి పిస్టన్ రింగులకు, గ్యాస్కెట్లకు, ఫిల్టర్లకు బాపు ఎప్పుడూ ఫోర్క్‌లిఫ్ట్ అన్న మాటే ఎత్తేవాడు కాదు. ట్రాక్టర్ రైతులాగా పోయి, రైతు ధరకు తెచ్చుకునేవాడు. స్టీరింగ్ ఇరుసు కింగ్ పిన్ బుష్‌లు బాలానగర్‌లోనే, నాలుగు సందుల అవతల లేత్ మీద గన్‌మెటల్ ముక్కతో తీయించేవాడు.

బేరింగుల పేజీ నాకు చిన్నప్పుడే కంఠస్థం. 6205 అంటే చివరి 05ను ఐదుతో గుణించాలి, 25 మిల్లీమీటర్లు లోపలి వ్యాసం. 6206 అయితే 30. ఎక్కాలకు బదులు ఇది నేర్పించాడని అమ్మ ఇప్పటికీ సాధిస్తుంది. బేరింగు ఏ దేశానిదైనా ఆ నంబరు ఒకటే. బండి కంపెనీ అదే బేరింగును తన డబ్బాలో పెట్టి, తన పొడుగాటి నంబరు ముద్రించి, నాలుగింతలకు అమ్ముతుంది. డబ్బా నంబరును చెరిపేసి అసలు నంబరును కనుక్కోవడమే పాతబండి పార్టులు వెతకడమంటే. బాపుకు అందులో దొంగసంతోషం ఉండేది. “గీ డబ్బకే పైసలు బిడ్డా, లోపలున్నది గదే” అనేవాడు.

అయితే అన్నీ అలా కుదరవు. పావు అంగుళం హైడ్రాలిక్ పైపు ఫిట్టింగుల్లో బ్రిటిష్ రకానికి అంగుళానికి 19 థ్రెడ్లు, అమెరికన్ రకానికి 18. చూపుకు తేడా తెలియదు. రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. బలంగా తిప్పితే ఎక్కుతుంది కూడా. మర్నాడు నేలమీద నూనె. అలాగే మాస్ట్‌లో తిరిగే రోలర్లు. అచ్చం మామూలు బేరింగుల్లాగే ఉంటాయి, కానీ పైరింగు బాగా మందం, ఎందుకంటే అది నేరుగా ఇనుప పట్టాలమీదే దొర్లాలి. అక్కడ మామూలు బేరింగు వేస్తే కొన్నాళ్ళకు పైరింగు పగులుతుంది. సరిపోవడం వేరు, ఎక్కడం వేరు అని ఆ డైరీలో ఎక్కడా రాసిలేదు. రాసి ఉంటే ఈ వ్యాసం అవసరం లేకపోయేది.

పోయిన ఆగస్టులో బాపుకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట. మనం చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది మాత్రం రాదు. రెండే మాటలు మిగిలాయి, “అదే” ఒకటి, “ఆఁ” ఒకటి. రాసి చూపిద్దామంటే రాసే చెయ్యే పోయింది. ఎడమచేత్తో సైగలు. మొదటి వారమంతా ఆ సైగలకు అర్థాలు వెతుక్కోవడమే మా పని. అమ్మ చాలావరకు పట్టేసేది. నేను సగం తప్పులు.

ఆ వారంలోనే పెద్దబండి చైన్ పోయింది. మేడ్చల్ దగ్గర ఒక గోడౌన్‌లో నెలవారీ కిరాయికి నడుస్తోంది. ఎత్తేటప్పుడు టక్కుమని చప్పుడొస్తే ఆపరేటర్ దించి చూశాడట, ఎడమవైపు చైన్‌లో ఒక పలక పగిలి ఉంది. గోడౌన్ మేనేజర్ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఎల్లుండికి బండి నడవకపోతే వేరే బండి మాట్లాడుకుంటామన్నాడు. ఆయన తప్పేం లేదు, లారీలు నిలబడి ఉన్నాయి. ఇక్కడ ఆస్పత్రి బిల్లు మీటరులా తిరుగుతోంది. ఆ కిరాయి పోతే మళ్ళీ రాదు. ఇప్పుడు మేడ్చల్ వైపు కొత్త గోడౌన్లన్నీ బ్యాటరీ బండ్లే అడుగుతున్నాయి, పొగ ఉండదు, చప్పుడుండదు.

బాపు మంచం పక్కన కూర్చుని చెప్పాను. “బాపూ, పెద్దబండి చైన్ పోయింది. ఒక పక్కది. నేను చూసుకుంటలే.”

ఆయన ఎడమచెయ్యి లేపి మూడు వేళ్ళు చూపించాడు. తర్వాత నాలుగు. మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు.

“మూడు నాలుగు వేలా?” అన్నాను.

“అదే... అదే...” అని తల ఊపాడు. అడ్డంగానో నిలువుగానో చెప్పలేను. మనవాళ్ళ తల ఊపు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎటూ తేలదు. మళ్ళీ మూడు చూపించాడు, నాలుగు చూపించబోయి అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు. నాకు అర్థమైపోయిందనుకున్నాను. అంతకంటే ఎక్కువ పెట్టొద్దంటున్నాడు. చేతిలో డబ్బు లేదని ఆయనకూ తెలుసు కదా.

మా మెకానిక్ చాచా చిన్నబండి క్లచ్ పనిలో ఉన్నాడు. ఫోన్‌లో, “మైన ఒక పాత చైన్ దొరికితే సాలు బేటా, ఆటోనగర్‌ల అడుగు” అన్నాడు. వనస్థలిపురం అవతల ఆటోనగర్‌లో, బండ్లు విప్పి అమ్మే ఒక తుక్కుకొట్టులో వెతికితే దొరికింది. గ్రీజు రాసి ఉంది, తుప్పు లేదు, మా చైన్ పగిలిన ముక్క పక్కన పెడితే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అచ్చంగా కలిసింది. ఐదు వేలు చెప్పాడు, మూడున్నరకు ఇచ్చాడు. మూడు, నాలుగు. సరిగ్గా మధ్యలో. ఆ రోజు ఆటోలో వెనక్కి వస్తూ నేను ఎంత పొంగిపోయానో చెప్తే మీరు నవ్వుతారు. ఇరవై ఏడేళ్ళు వచ్చాక బాపు వ్యాపారంలో నేను చేసిన మొదటి బేరం అది.

చాచా ఆ రాత్రే బిగించాడు. చైన్ చివర పట్టుకునే యాంకర్ బోల్టు చీలికలో కాస్త వదులుగా ఉంటే, రెండు పక్కలా ఒక్కో వాషర్ వేశాడు. “ఏం కాదు బేటా, కూసుంది” అన్నాడు. రెండు టన్నుల సరుకెత్తి చూశారు. లేచింది. దించారు. ఫొటో తీసి మేనేజర్‌కు పంపాను. మర్నాడు పొద్దున బండి పనిలో ఉంది.

తొమ్మిది రోజులు నడిచింది.

పదో రోజు నేను రాణీగంజ్ పోయాను, టిల్ట్ సిలిండర్ సీల్ కిట్ కోసం. రాణీగంజ్ తెలియని హైదరాబాదీలు ఉంటే ఒకసారి పోయి చూడండి, ట్యాంక్‌బండ్ దిగి సికింద్రాబాద్ వైపు. కాఫీ దొరకదు, పుస్తకాలు దొరకవు. బేరింగులు, బెల్టులు, హోస్ పైపులు, పంపులు, మోటార్లు, గొలుసులు. ఒక్కో కొట్టు ఆరడుగుల వెడల్పు, లోపలికి పోతూనే ఉంటుంది. కొట్టువాళ్ళు కంప్యూటర్ చూడరు, మన చేతిలో ముక్క చూస్తారు. సీలు ముక్క ఇస్తే వెర్నియర్‌తో కొలిచి, “ఇది మిల్లీమీటర్ కాదు, ఇంచుల మాల్” అని మొహం చూసి చెప్పేస్తారు. అట్లా చెప్పిన సేఠ్ దగ్గరే సీలు దొరికింది. ఆయన పక్క గోడకు చైన్లు వేలాడుతున్నాయి. ఊరికే, గొప్ప కోసమే, మొన్న నేనూ ఒక చైన్ వేయించానని ఫోన్‌లో ఫొటో చూపించాను.

ఆయన ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చూశాడు.

“రెండు-మూడు వేసినవ్ బేటీ. నీ బండిది మూడు-నాలుగు ఉంది.”

నాకు ఒక్క క్షణం ఏమీ వినపడలేదు.

ఆయన గోడమీంచి ఒక చైన్ తీసి కౌంటర్ మీద నిలబెట్టి చూపించాడు. ఫోర్క్‌లిఫ్ట్ చైన్ సైకిల్ చైన్‌లాంటిది కాదు. మధ్యలో రోలర్లుండవు. వట్టి ఉక్కు పలకలు, వాటిని కుట్టే పిన్నులు. ఒక లింకులో మూడు పలకలు, పక్క లింకులో నాలుగు, మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు. అదే మూడు-నాలుగు. దాని పేరు బీఎల్ 634. ఆరు అంటే పిన్నుల మధ్య దూరం అంగుళంలో ఎనిమిదో వంతులు ఆరు, ముప్పావు అంగుళం. 34 అంటే పలకల అల్లిక. నేను తెచ్చింది 623. దూరం అదే. అందుకే పక్కపక్కన పెడితే కలిసింది. పలకలే తక్కువ. బరువు లెక్క ఎప్పుడూ తక్కువ పలకలున్న లింకుదే కదా, మూడు మొయ్యాల్సింది రెండు మోస్తోంది. మూడో వంతు బలం మాయం. అదీ ఎప్పటిదో, ఎంత అరిగిందో తెలియని తుక్కు చైన్. చీలికలో వదులుగా ఉండి వాషర్లు పట్టింది ఆ మాయమైన పలకల చోటే.

“హోస్ పగిలితే మెల్లగ దిగుతది, వాల్వ్ ఆపుతది,” అన్నాడు సేఠ్. “చైన్‌కి వాల్వ్ లేదు.”

ఆపరేటర్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంజన్ మోతలో వినపడదు. మేనేజర్‌ది బిజీ. క్యాబ్ ఎక్కాను. బోయినపల్లి, సుచిత్ర, కొంపల్లి. ఆ దారిలో ఎన్ని సిగ్నళ్ళున్నాయో ఆ రోజే లెక్క తెలిసింది. ఇంకా పద్నాలుగుసార్లు చేశాను. ఆస్పత్రి గదిలో బాపు ఎడమచెయ్యి తప్ప ఏమీ గుర్తు రావట్లేదు. మూడు వేళ్ళు. నాలుగు వేళ్ళు. నేను “వేలా?” అన్నాను. ఇంకొక్క ప్రశ్న, “డబ్బుల గురించా, చైన్ గురించా?” అని అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

గోడౌన్ గేటు దాటేసరికి బండి కనిపించింది. ఫోర్కుల మీద చెక్క ప్యాలెట్, ప్యాలెట్ మీద హెల్పర్ పిల్లాడు. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి, ఒడిశా వాడు. పదిహేనడుగుల ఎత్తులో నిలబడి ట్యూబ్‌లైట్ మారుస్తున్నాడు. ఫోర్కుల మీద మనిషిని ఎత్తకూడదు, ఆ బండి మీద ఎర్ర పెయింటుతో బాపు రాయించాడు కూడా. అందరూ ఎత్తుతారు, నిచ్చెన వెతకడం ఎవరికి ఓపిక.

నేను అరవలేదు. అరిస్తే ఆపరేటర్ ఉలిక్కిపడి లివర్ గుంజుతాడని భయం. ముందుకు పోయి, వాడికి కనిపించేలా నిలబడి, చెయ్యి మెల్లగా కిందికి ఊపాను. ఫోర్కులు దిగడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. పిల్లాడు దిగి, పాత ట్యూబ్‌లైట్ గోడకు ఆనించి, నన్ను చూసి నవ్వాడు.

“ఏమైందక్కా?” అన్నాడు ఆపరేటర్.

“తాళం చెవి ఇయ్యి” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అంతే, ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. మేనేజర్ విసుక్కున్నాడు, మూడు రోజులు బయటి బండి పెట్టుకుని ఆ డబ్బు మా బిల్లులో కోసుకున్నాడు. చాచాకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాకు తెల్వాలె బేటా, వాషర్ పడ్డప్పుడే తెల్వాలె” అన్నాడు. ఆ రాత్రి చిన్నబండి అర్జెంటు పని మీద పెట్టి ఆయన్ను నిద్రపోనివ్వనిది నేనే. ఆ మాట ఆయన అనలేదు.

ఇంటికొచ్చి డైరీ మొత్తం తిరగేశాను. చైన్ పేజీ ఉంటుంది, చూసుకోకపోవడం నా తప్పు అనుకున్నాను. లేదు. ఫోర్కుల పేజీ కూడా లేదు. మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చూస్తే అప్పుడు తట్టింది, ఆ పుస్తకమంతా దీనికి బదులు అది, దానికి బదులు ఇది. బదులు లేనివాటిని బాపు రాసుకోలేదు. చిన్నప్పుడు ఒక సంగతి చూశాను, ఇప్పుడు గుర్తొచ్చింది. ఫోర్కు మడమ దగ్గర, అంటే ఎల్ ఆకారం వంగేచోట, అరిగిందని ఎవరో వెల్డింగు చేసి మందం పెంచుదామన్నారు. ప్రతి పైసాకూ ట్రాక్టర్ కొట్టుకు పరిగెత్తే మనిషి, అమ్మ గొలుసు కుదువబెట్టి కొత్త ఫోర్కుల జత తెచ్చాడు. నలభై మిల్లీమీటర్ల ఫోర్కు ముప్పై ఆరుకు వస్తే తీసెయ్యాలి. పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ వంగే బలం మందం వర్గంతో పోతుంది, పది శాతం అరిగితే ఇరవై శాతం బలం పోయినట్టు. వెల్డింగు వేడికి ఉక్కుకు పెట్టిన పదును కూడా పోతుంది. అమ్మ ఆ గొలుసు కథ ఇప్పటికీ చెప్తుంది, ఇంకో అర్థంతో.

కొత్త చైన్లు సేఠ్ దగ్గరే తీసుకున్నాను. ఒకటి అడిగితే ఇవ్వనన్నాడు, జతే. పాతదీ కొత్తదీ కలిపి వేస్తే సాగిన చైన్ వదులై బరువంతా రెండోదాని మీద పడుతుంది. చాచా, నేను, ఆపరేటర్ కలిసి బిగించాం. ఈసారి వాషర్లు మిగిలిపోయాయి, వాటిని నా బ్యాగులో వేసుకున్నాను, ఎందుకో తెలియదు.

తీసేసిన కుడివైపు చైన్, ఇరవై ఏళ్ళుగా బండిమీద ఉన్న అసలుది, షెడ్డులో నేలమీద పరిచి కొలిచాను. ముప్పావు అంగుళం చొప్పున పదహారు లింకులు కొత్తలో కచ్చితంగా ఒక అడుగు, దాదాపు 305 మిల్లీమీటర్లు. మూడు శాతం సాగితే, 314 దగ్గర, తీసి పారెయ్యాలి. కప్పీ మీద నడిచే చోట కొలవాలని సేఠ్ చెప్పాడు. అక్కడే కొలిచాను. 316 వచ్చింది. టేపు సరిగ్గా పట్టుకోలేదేమో అని మళ్ళీ కొలిచాను. 316.

అంత సాగడానికి నెలలు కాదు, ఏళ్ళు పడుతుంది. బాపు ఆ టేపును ప్రతి దీపావళి శుభ్రానికీ బయటికి తీసేవాడు. కొలవకుండా ఉండే మనిషి కాదు. పోయిన ఏడాది నా ఎం.ఏ. లోను చివరి వాయిదాలు కట్టింది ఎవరో నాకు తెలుసు.

సాయంత్రం ఇంటికి పోతే బాపు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. కొత్త చైన్ కోసినప్పుడు మిగిలిన నాలుగు లింకుల ముక్కను ఆయన ఎడమ అరచేతిలో పెట్టాను. బరువుకు చెయ్యి కాస్త దిగింది. బొటనవేలి గోరుతో పలకల అంచులమీద గీసుకుంటూ పోయాడు, టిక్, టిక్, టిక్. ఏడు. ముక్కను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసి రెండు వేళ్ళు చూపించాడు.

“రెండు దిక్కులా మార్చిన బాపూ. జత.”

“ఆఁ” అన్నాడు.

తొమ్మిది రోజుల సంగతి చెప్పాను, పిల్లాడి సంగతి కూడా. కళ్ళు మూసుకుని విన్నాడు. 316 గురించి నేను అడగలేదు.